పూటకూళ్ళవాని లెక్క

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: లూకా సువార్త 10:25–37)

మీలో కొందరు ఇంటిలో కూర్చొని వింటూ ఉండవచ్చు. కొందరు మైండ్‌స్పేస్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కొని, క్యాబ్‌లో డ్రైవరు పెట్టిన రేడియో ద్వారా వింటూ ఉండవచ్చు. ఎవరైనా సరే, ఈ పావుగంట నాతో ఉండండి.

మంచి సమరయుని ఉపమానము మీకు కొత్తది కాదు. సండే స్కూల్లో ఫ్లానెల్ బోర్డు మీద బొమ్మలు అంటించి మనకు నేర్పించారు. దొంగల చేతిలో దెబ్బలు తిన్న మనిషి, ప్రక్కగా పోయిన యాజకుడు, ప్రక్కగా పోయిన లేవీయుడు, జాలిపడి ఆగిన సమరయుడు. నాలుగు బొమ్మలు. ఐదో బొమ్మ ఒకటి ఉండేది, గుర్తుందా? తలపాగా చుట్టుకొని గుమ్మంలో నిలబడిన పూటకూళ్ళవాడు. నాటకంలో ఆ వేషం ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. ఎందుకంటే అతనికి డైలాగు లేదు. ఉపమానమంతా వెదకినా ఆ మనిషి ఒక్క మాట మాట్లాడడు. ఈ దినము అతని గురించే మీతో మాట్లాడాలని ఆశపడుతున్నాను.

ముందుగా ఆ దారి సంగతి చెబుతాను. యెరూషలేము కొండల మీద సముద్ర మట్టానికి ఇంచుమించు రెండువేల ఐదువందల అడుగుల ఎత్తున ఉంది. యెరికో సముద్ర మట్టం కంటే ఎనిమిది వందల అడుగులు దిగువన ఉంది. మధ్య దూరము సుమారు ఇరవై ఏడు కిలోమీటర్లు. అంతా దిగుడు దారి, బండరాళ్ళు, మలుపులు. అటువంటి దారిలో పూటకూళ్ళ ఇల్లు నడుపుకొనేవాడు దేవదూత ఏమీ కాదు. ఆ కాలంలో పూటకూళ్ళ ఇళ్ళకు పెద్దగా మంచి పేరు కూడా లేదు. రాత్రికి చోటు, జంతువుకు మేత, మనిషికి ముద్ద, తెల్లవారగానే డబ్బు. అది అతని వ్యాపారము.

ఇప్పుడు అతని గుమ్మం ముందు నిలబడి ఆలోచించండి. ఒక సమరయుడు, అంటే యూదులు ముఖం కూడా చూడని జాతివాడు, తన జంతువు మీద రక్తం ఓడుతున్న ఒక మనిషిని వేసుకొని వచ్చాడు. కొట్టింది వీడే కాదని నమ్మకం ఏమిటి? ఆ మనిషి రాత్రికి రాత్రి చనిపోతే ఎవరు సమాధానం చెప్పాలి? మిగతా బాటసారులు ఇది చూసి వేరే చోటికి వెళ్ళిపోతే? అయినా అతడు తలుపు తీశాడు. మరునాడు సమరయుడు రెండు దేనారములు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాట ఇచ్చి వెళ్ళిపోయాడు. దేనారము అంటే ఒక కూలివాని ఒక దినపు కూలి అని మత్తయి ఇరవయ్యవ అధ్యాయంలో ద్రాక్షతోట ఉపమానము వలన మనకు తెలుసు. రెండు రోజుల కూలి చేతిలో ఉంది. మిగతాదంతా అప్పు. దారిన పోయే సమరయుని మాట మీద అప్పు.

మన దేశంలో కూడా ఈ సమరయుని పేరు చట్టంలోకి ఎక్కింది. రోడ్డు ప్రమాదంలో గాయపడిన వారిని ఆసుపత్రికి చేర్చినవారిని వేధించకూడదని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, 134ఎ అనే కొత్త సెక్షను చేర్చి, అందులో అటువంటి వారికి ‘మంచి సమరయుడు’ అనే పేరే పెట్టారు. తమ పేరు చెప్పమని వారిని బలవంతం చేయరాదు, కేసులలో ఇరికించరాదు. గచ్చిబౌలి ఫ్లైఓవరు మీద ఎవరైనా పడి ఉంటే ‘మనకెందుకు పోలీసుల గొడవ’ అని బండి దాటించుకొని పోవడానికి ఇప్పుడు ఆ సాకు లేదు. మంచిదే. కాని పూటకూళ్ళవానిని కాపాడే చట్టము ఎక్కడా లేదు. అతడు తలుపు తీస్తే వచ్చే నష్టం అతనిదే.

ప్రియులారా, మన హైటెక్ సిటీ ప్రాంతము పూటకూళ్ళ ఇళ్ళ మీద నిలబడిన ఊరు. 1998 నవంబరులో సైబర్ టవర్స్‌ను ప్రధానమంత్రి వాజ్‌పేయిగారు ప్రారంభించినప్పుడు మాదాపూర్ చుట్టూ బండరాళ్ళూ తుప్పలూ ఉండేవని పెద్దలు చెబుతారు. ఈ రోజు అద్దాల మేడలు అందరికీ కనబడతాయి. ఆ మేడలలో పనిచేసేవారు పడుకునే చోటు సందులలో ఉంటుంది. కొండాపూర్, కొత్తగూడ, అయ్యప్ప సొసైటీ, గచ్చిబౌలి, ఎక్కడ చూసినా బోర్డులే: మెన్స్ హాస్టల్, లేడీస్ పీజీ, టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్, ఆంధ్రా భోజనము, ఆదివారం చికెన్. శ్రీకాకుళం నుండి, ప్రకాశం నుండి, ఖమ్మం నుండి, ఒడిశా నుండి వచ్చిన పిల్లలు ఇనుప మంచం మీద బ్యాగు పెట్టుకొని జీవితం మొదలుపెట్టేది అక్కడే. పాత తెలుగులో పూటకూళ్ళ ఇల్లు, ఇప్పటి మాటలో పీజీ.

2020 మార్చి 25వ తేదీ మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. ఆ రోజు బుధవారము, ఉగాది. ముందు రోజు రాత్రి ప్రధానమంత్రి టీవీలో ఇరవై ఒక్క రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. తెల్లవారేసరికి హైదరాబాదులో చాలా హాస్టళ్ళలో ఒకే మాట: ఖాళీ చేయండి. వంట మనుషులు వెళ్ళిపోయారు, కాలనీవాళ్ళు ఒప్పుకోవడం లేదు, ఎవరికైనా జబ్బు వస్తే మా మీదికి వస్తుంది. యౌవనస్థులు వేల సంఖ్యలో పోలీసు స్టేషన్ల ముందు పాసుల కోసం బారులు తీరారు. పాసులు ఇచ్చారు. వాటిని పట్టుకొని బైకుల మీద, కార్లలో విజయవాడ దారి పట్టారు. సాయంత్రానికి ఆంధ్రప్రదేశ్ సరిహద్దులో, జగ్గయ్యపేట దాపున గరికపాడు చెక్‌పోస్టు దగ్గర వారిని ఆపేశారు. జబ్బు ఊళ్ళలోకి పాకుతుందని అటువారి భయము, అది కూడా న్యాయమైన భయమే. ఇటు హాస్టలు లేదు, అటు ఇల్లు లేదు. వందలాదిమంది ఆడపిల్లలు, మగపిల్లలు ఆ రాత్రి జాతీయ రహదారి మీద గడిపారు. ఆ తర్వాత హాస్టళ్ళు ఖాళీ చేయించకూడదని ప్రభుత్వం గట్టిగా చెప్పింది, పాసులు కూడా ఆపేశారు. కాని ఆ ఒక్క రోజులో జరగవలసింది జరిగిపోయింది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పకపోతే ఈ ప్రసంగము అబద్ధమవుతుంది.

మా సంఘములో ఒక సహోదరి ఉన్నారు. భర్త లేరు. కొండాపూర్ ప్రక్క సందులో అద్దె భవనం తీసుకొని లేడీస్ హాస్టలు నడిపేవారు. ముప్పై మంచాలు. ఆ రోజు ఉదయం పదకొండు గంటలకు ఆమె నాకు ఫోన్ చేశారు. “అయ్యగారూ, కాలనీవాళ్ళు గేటు దగ్గర నిలబడ్డారు. సాయంత్రంలోగా పిల్లల్ని పంపించెయ్యమంటున్నారు. వంటమనిషి పొద్దున్నే ఊరెళ్ళిపోయింది. నన్నేం చెయ్యమంటారు?” అని అడిగారు.

నేను దైవజనుడను. సెమినరీలో నాలుగేళ్ళు చదివాను. కనికరము గురించి ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్క లేదు. నేను ఆమెకు ఏమి చెప్పానో తెలుసా? “అమ్మా, అందరూ అదే చేస్తున్నారు కదా. పాసులు ఇస్తున్నారట. అడ్వాన్సు తిరిగి ఇచ్చేసి ప్రార్థన చేసి పంపించండి. ఇంటికి వెళ్ళడమే వాళ్ళకు క్షేమం” అన్నాను. ఫోన్‌లోనే ప్రార్థన కూడా చేశాను.

ఆమె నా మాట విన్నారు. ఇరవై నాలుగుమంది పిల్లలు సాయంత్రానికి వెళ్ళిపోయారు. రాత్రి ఒంటిగంట దాటాక మళ్ళీ ఫోన్ వచ్చింది. వెళ్ళినవారిలో తొమ్మిది మంది గరికపాడు దగ్గర ఉన్నారు. నీళ్ళు లేవు, ఆడపిల్లలు పక్కకు వెళ్ళడానికి మరుగు లేదు, ఫోన్లలో ఛార్జింగు అయిపోతోంది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. “వాళ్ళు నా చేతి అన్నం తిన్న పిల్లలు అయ్యగారూ, కడుపు తరుక్కుపోతోంది” అన్నారు. అంతే.

ఆ మాట దగ్గర ఆగుదాము. సమరయుడు జాలిపడ్డాడు అని మనము చదివే చోట గ్రీకు భాషలో ఉన్న మాట పేగుల నుండి పుట్టిన మాట. లోపల పేగులు కదిలిపోవడం. పాత నిబంధనలో కనికరమునకు వాడిన ఒక హెబ్రీ మాట ‘రహమీమ్’; దానికి దగ్గరి చుట్టము గర్భము అని అర్థమిచ్చే ‘రెహెమ్’. సెమినరీలో ఈ మాటలు బట్టీపట్టి పరీక్ష వ్రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ రాత్రి ఒక హాస్టలు నడుపుకొనే సహోదరి, గ్రీకు హెబ్రీ ఏమీ తెలియని ఆమె, ఆ రెండింటినీ కలిపి అచ్చ తెలుగులో చెప్పింది. కడుపు తరుక్కుపోతోంది. ఎవరి కడుపు తరుక్కుపోయిందో ఆమెకు సందేహం లేదు. నాకు మాత్రం ఉదయం తరుక్కుపోలేదు. నాకు అప్పుడు వచ్చింది భయము. దానికి నేను జ్ఞానము అని పేరు పెట్టుకున్నాను.

ఇంకొక సంగతి ఉంది, ఇది మరీ బాధ. పాతకాలపు సంఘ పితరులలో ఒరిజెన్ ఈ ఉపమానములోని పూటకూళ్ళ ఇంటిని సంఘమునకు గుర్తుగా వివరించాడు, అగస్టీను కూడా అంతే. గ్రీకులో ఆ ఇంటికి వాడిన మాటకు విడమరచి చెబితే ‘అందరినీ చేర్చుకొనే చోటు’ అని అర్థము. ఇది కూడా నాకు తెలుసు. ఆ రోజు మా ప్రార్థన హాలు, రెండవ అంతస్తులో, ఖాళీగా ఉంది. ఆదివారపు ఆరాధన ఎలాగూ లేదు. పన్నెండు ఫ్యాన్లు, రెండు బాత్‌రూములు, చాపలు, క్రిస్మస్ భోజనాలకు కొన్న పెద్ద గిన్నెలు. తాళంచెవి నా జేబులో ఉంది. ఇరవై నాలుగుమంది ఆడపిల్లలు ఎక్కడికి వెళ్ళాలని ఆమె అడుగుతూ ఉంటే, ఆ తాళంచెవి సంగతి నాకు గుర్తుకు కూడా రాలేదు. గుర్తుకు వచ్చి వద్దనుకొని ఉంటే అది ఒక పాపము. గుర్తుకే రాకపోవడం ఎటువంటి పాపమో నేను ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. యాజకుడు చూచి ప్రక్కగా పోయాడు. నేను చూడను కూడా లేదు.

ఆ తొమ్మిది మందిలో నలుగురు పద్నాలుగు రోజులు క్వారంటైనులో ఉండటానికి ఒప్పుకొని అటువైపు వెళ్ళారు. ఐదుగురు మరునాడు వెనక్కి వచ్చారు. ఆ సహోదరి గేటు తీసి పెట్టుకొని రోడ్డు మీద నిలబడ్డారట. కాలనీ పెద్దలు అడ్డం వచ్చారు. ఆమె ఏమన్నారంటే, “నేను కూడా వీళ్ళతోపాటు లోపలే ఉంటాను. పద్నాలుగు రోజులు గేటు దాటను. మీరు సామాను గేటు దగ్గర పెడితే చాలు.” కాలనీవాళ్ళు దుర్మార్గులు కారు, ప్రియులారా. వారి ఇళ్ళలో ముసలివాళ్ళు ఉన్నారు, షుగరు, బీపీ ఉన్నవాళ్ళు ఉన్నారు. ఆ మాటతో వారు తగ్గారు. మూడవ రోజున వారిలోనే ఒక పెద్దాయన గేటు దగ్గర పాల ప్యాకెట్లు పెట్టి వెళ్ళారట. కనికరము ఎదుటివాని భయాన్ని తిట్టదు, ఆ భయానికి ఒక దారి చూపిస్తుంది అని నేను ఆమె దగ్గర నేర్చుకున్నాను.

నేను గేటు బయట నిలబడి ఆమెను క్షమాపణ అడిగాను. నా సలహా తప్పు అని చెప్పాను. ఆమె కొంచెం చిరాకుగా, “అవన్నీ తర్వాత అయ్యగారూ. ముందు రెండు గ్యాస్ సిలిండర్లు చూడండి, బియ్యం నాలుగు రోజులకే ఉన్నాయి” అన్నారు. నా పశ్చాత్తాపానికి ఆమెకు తీరిక లేదు. నాకు మంచిదే అయింది. సిలిండర్ల కోసం తిరిగాను.

ఇప్పుడు ఉపమానములోని రెండు దేనారముల దగ్గరికి రండి. సమరయుడు ఆ రాత్రి సేవ చేశాడు, మరునాడు తన పని మీద వెళ్ళిపోయాడు. ఇది నాకు చాలా ఆదరణగా ఉంటుంది. ఆఫీసు, కాల్స్, డెడ్‌లైన్లు, ఇంటి లోను, వీటి మధ్య నలిగిపోతున్న మీతో ప్రభువు ‘ఉద్యోగం మానేసి గాయపడిన వాని ప్రక్కన కూర్చో’ అనలేదు. సమరయునికీ పని ఉంది. కాని అతడు లెక్క తెరచి వెళ్ళాడు. ఇంత ఇచ్చాను, ఇంకా అయితే నా పేరున వ్రాసుకో, నేను మళ్ళీ వస్తాను. మనలో చాలామంది మొదటి రాత్రి కన్నీళ్ళు కారుస్తాము, వాట్సాప్‌లో ప్రార్థన మనవి పంపుతాము. రెండవ వారములో ఆ పూటకూళ్ళవాడు ఏమయ్యాడో అడగము.

ఆ సహోదరి లెక్క ఎంతో మా సంఘము మే నెలలోగాని అడగలేదు. భవన యజమాని అద్దె అడుగుతున్నాడు. ఆయనను రాక్షసునిగా చూడటం సులభము. ఆయనా ఆ భవనము మీద బ్యాంకు అప్పు కడుతున్నాడు. ఇంట్లో ఉన్న పిల్లలు కట్టలేని స్థితి. ఒకమ్మాయికి కొత్త ఉద్యోగము ఏప్రిల్‌లో మొదలు కావలసింది, ఆఫరు వాయిదా వేశారు. ఇంకొకమ్మాయికి జీతంలో కోత. మా సంఘములో సాఫ్ట్‌వేర్ కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంటి నుండి పని చేసుకుంటూ, జీతం వస్తూ, బస్సు ఖర్చు, హోటలు ఖర్చు మిగులుతున్నవారు కొందరు. ఆ మిగులు ఎంతో ఎవరికి వారు లెక్క వేసి, అందులో సగము ఇవ్వమని పెద్దలు అడిగారు. కొందరు ఇచ్చారు. కొందరు నాకు ఫోన్ చేసి, అది వ్యాపారం కదా అయ్యగారూ, ఆమె అందరి దగ్గరా డబ్బు తీసుకొని నడిపేది కదా, అన్నారు. అవును, వ్యాపారమే. లూకా పదవ అధ్యాయములోనూ అది వ్యాపారమే. సమరయుడు పూటకూళ్ళవానిని ఉచితంగా చూసుకోమని అడగలేదు.

అదే రోజుల్లో మా సంఘములోని ఒక తమ్ముడు నన్ను వేరే ప్రశ్న అడిగాడు. ఒక కంపెనీలో టీమ్ లీడ్. తన క్రింద ఉన్న పదకొండుమందిలో ముగ్గురి పేర్లు వ్రాసి ఇమ్మన్నారు. ఆ పేర్లు ఎందుకో అందరికీ తెలుసు. “అయ్యగారూ, ఆ లిస్టు రాస్తే పాపమా? రాయకపోతే నా పేరు రాస్తారు. నాకు ఇద్దరు పిల్లలు” అన్నాడు. ఈ ప్రశ్న మన ప్రాంతానికి కొత్త కాదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కలు తప్పు అని దాని అధిపతే ఉత్తరం వ్రాసినప్పుడు యాభై వేలకు పైగా ఉద్యోగులు ఒక్క పూటలో నేల కదిలినట్టు అయ్యారు. అంతకు ముందు 2001లో అమెరికాలో పనులు తగ్గినప్పుడూ ఇళ్ళలో ఏడ్పులు విన్నాము. ప్రతిసారీ ఎవరో ఒకరు ఒక బల్ల దగ్గర కూర్చొని పేర్లు వ్రాయవలసి వచ్చింది.

నేను ఆ తమ్మునికి సులభమైన జవాబు ఇవ్వలేకపోయాను. మొన్నటి ఫోన్ తర్వాత సలహాలు ఇవ్వాలంటే నాకే భయంగా ఉంది. ఇద్దరము చాలాసేపు ప్రార్థించాము. చివరికి అతడు ఇలా తీర్మానించుకున్నాడు. పేర్లు వ్రాశాడు. కాని పని సంగతి చూసే వ్రాశాడు. తనకు నచ్చనివాని పేరు ముందు వ్రాసి, తర్వాత చెరిపేశానని నాతో ఒప్పుకున్నాడు. ఆ ముగ్గురితో హెచ్.ఆర్. మెయిలు వెళ్ళక ముందే తానే మాట్లాడాడు. ఒకడు బూతులు తిట్టాడు. పడ్డాడు. తర్వాత ఆరు నెలలు ప్రతి శుక్రవారం సాయంత్రం ఆ ముగ్గురికీ ఫోన్ చేసేవాడు. తెలిసిన కంపెనీలలో వారి రెజ్యూమెలు తిప్పాడు. ఇద్దరికి పని దొరికింది. తిట్టినవాడు మాత్రం ఫోన్ ఎత్తడం మానేశాడు. “ఇప్పటికీ శుక్రవారం ఐదు గంటలైతే చెయ్యి ఆ నంబరు మీదికి పోతుంది” అని ఆ తమ్ముడు ఈ మధ్య నాతో అన్నాడు. అతడు చేసింది సరిపోయిందా? నాకు తెలియదు. తెలియదని చెప్పడమే నిజము.

ఇంకొక మాట చెప్పకుండా ముగిస్తే నేను మిమ్మల్ని మోసం చేసినవాడనవుతాను. ఆ ఆడపిల్లల మీద మాకు జాలి కలిగింది, ఆలస్యంగా అయినా. ఎందుకు కలిగింది? వారు మన పిల్లల్లా ఉన్నారు. మన భాష మాట్లాడతారు, మన కాలేజీల్లో చదివారు. ఆ హాస్టలుకు రెండు వందల గజాల దూరంలో ఒక కొత్త టవరు కడుతున్నారు. రేకుల షెడ్లలో జార్ఖండ్, బీహారు, ఒడిశా కూలీలు ఉండేవారు. వారి ముందు నుండే నేను సిలిండరు స్కూటరు మీద పెట్టుకొని వెళ్ళాను. ఎన్నిసార్లు వెళ్ళానో. వారు ఏమి తింటున్నారని ఒక్కసారి అడగలేదు.

ఏప్రిల్ 29న సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న వలస కూలీలు, జీతాలు అందలేదని, ఇంటికి పంపమని ఆందోళన చేశారు. గొడవ పెద్దదైంది. మే 1వ తేదీ తెల్లవారుజామున, మన లింగంపల్లి స్టేషను నుండి ఇరవై నాలుగు బోగీల రైలు సుమారు 1,200 మంది కూలీలతో జార్ఖండులోని హటియాకు బయలుదేరింది. లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం దేశములో కదిలిన మొదటి రైలు అదే. మన ఇళ్ళకు అంత దగ్గర నుండి కదిలింది. ఆ వార్త పేపరులో చదివిన రోజున నేను షెడ్ల దగ్గరికి వెళ్ళాను. సగము ఖాళీ. చాలామంది నడిచి వెళ్ళిపోయారని అక్కడ మిగిలిన వాచ్‌మన్ చెప్పాడు. మిగిలినవారికి ఆ సహోదరి వంటగదిలోనే రోజూ నలభై మందికి కిచిడీ వండటం మొదలుపెట్టాము. హాస్టలు పిల్లలే కూరగాయలు తరిగారు. ఆలస్యంగా చేశాము. వెళ్ళిపోయినవారికి పెట్టలేకపోయాము.

ధర్మశాస్త్రోపదేశకుడు ప్రభువును అడిగిన ప్రశ్న, తన పొరుగువాడు ఎవడని. గీత ఎక్కడ గీయాలో చెప్పమని అడిగాడు. ఇరవై నాలుగుమంది పిల్లల దగ్గర గీయమంటారా, రెండు వందల గజాల దగ్గర గీయమంటారా? ప్రభువు ఆ ప్రశ్నకు జవాబే చెప్పలేదు. కథ చెప్పి, దెబ్బలు తిన్నవానికి పొరుగువాడైనవాడు ఎవడని తిప్పి అడిగాడు. ఆ ఉపదేశకుడు సమరయుడు అనే మాట నోటితో పలకలేక, కనికరము చూపినవాడు అని చుట్టు తిప్పి చెప్పాడు. షెడ్ల ముందు నా నోరు కూడా అలాగే పడిపోయింది.

ఆ హాస్టలు ఇప్పుడు లేదు. 2021లో రెండవసారి జబ్బు విజృంభించినప్పుడు మంచాలన్నీ ఖాళీ అయ్యాయి. ఆ సహోదరి భవనం అప్పగించి, మంచాలు అమ్మి, సగము అప్పు తీర్చారు. మిగతా సగములో సంఘము కొంత తీర్చింది. ఇంకా కొంత ఉంది. ఈ మధ్య కొత్తగూడ దగ్గర కర్రీ పాయింటు పెట్టుకున్నారు. ఆ ఐదుగురు పిల్లలలో ఒకమ్మాయి, ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉంది, నెల నెలా ఆమె ఖాతాలో కొంత వేస్తుందని తెలిసి ఆనందించాను. ఆ అమ్మాయి క్రైస్తవురాలు కాదు. సమరయుడు కూడా మన సంఘ సభ్యుడు కాదు కదా.

మీరున్న చోట ఆ పూటకూళ్ళవాడు ఎవరో మీకు తెలిసే ఉంటుంది. మంచం పట్టిన అత్తగారిని ఆరేళ్ళుగా చూసుకుంటున్న మీ తోడికోడలు కావచ్చు. తాగివచ్చే కొడుకును ఇంట్లోంచి గెంటలేక, ఉంచుకోలేక నలుగుతున్న ప్రక్క ఫ్లాటు తండ్రి కావచ్చు. మీ ఆఫీసులో వరుసగా అందరి నైట్ షిఫ్టులూ తీసుకుంటున్న మనిషి కావచ్చు. మీరు వారి దగ్గర ఎవరినో అప్పగించి వచ్చి ఉంటారు. వెళ్ళి లెక్క అడగండి. ఈ వారమే అడగండి. ఎంత అయిందని అడగండి.

ప్రార్థన చేద్దాము.

కనికరము గల తండ్రీ, గరికపాడు రోడ్డు మీద తెల్లవార్లు కూర్చున్న బిడ్డలను నీవు ఎరుగుదువు, రేకుల షెడ్లలో నుండి నడిచి వెళ్ళిపోయినవారి పేర్లు మాకు తెలియవు, నీకు తెలియును. తాళంచెవి జేబులో పెట్టుకొని మరచిపోయిన నీ సేవకుని క్షమించుము. ఈ రోజున ఎవరి గుమ్మము ముందైనా ఎవరైనా నిలబడి ఉంటే, లోపలివారికి ధైర్యము దయచేయుము. ఫోన్ ఎత్తని ఆ సహోదరునికి మంచి పని దయచేయుము. కొత్తగూడలో తెల్లవారకముందే లేచి పొయ్యి వెలిగించే నీ కుమార్తె మోకాళ్ళ నొప్పులు నీకు తెలుసు ప్రభువా, ఆమెకు బలమిమ్ము, ఆమె అప్పు తీరే మార్గము మా చేతుల ద్వారానే చూపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.